నల్లరంగు కింద పసుపు గీత

వీధిలో అందరూ ఆయన్ని ఛీఛీ మేస్త్రి అంటారు. ఎదురుగా కాదు లెండి, చాటుగానే. విరిగిపోయిన గ్యారేజీ తలుపు స్ప్రింగులు మార్చడం ఆయన పని. ఎవరి గ్యారేజీలో అడుగుపెట్టినా ముందు ముక్కు ఎగబీల్చి, మొహం చిట్లించి "ఛీ ఛీ!" అంటాడు. ఆ తర్వాతే పనిముట్ల సంచీ కింద పెడతాడు.

అనక ఏం చేస్తాడు పాపం! జనం ఇంటి ముందు గదిని తళతళలాడేలా తుడుచుకుంటారు. గ్యారేజీ దగ్గరికి వచ్చేసరికి వాళ్ళ అసలు బండారం బయటపడుతుంది. పులిసి కంపుకొట్టే తడిగుడ్డలు, కారి గడ్డకట్టిన ఇంజను నూనె, ఎలుకలు కొరికిన పరుపు, ఎప్పుడో మూతపెట్టి మరిచిపోయిన గిన్నె. ఒకావిడైతే ముక్కుకి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఆ వాసన మాది కాదండీ, పక్కింటివాళ్ళది" అంది. మూత తీసిన గిన్నె ఆవిడ కాళ్ళ దగ్గరే ఉంది.

ఇదంతా పైపై అసహ్యం. ఆయనకి కడుపులోంచి తన్నుకొచ్చే అసహ్యం వేరే ఉంది. తలుపు పైన అడ్డంగా ఒక ఇనుప గొట్టం, దాని మీద రెండు స్ప్రింగులు ఉంటాయి. అంత బరువు తలుపు ఒంటి చేత్తో లేస్తోందంటే వాటి చలవే. బిగించేటప్పుడు రెండు ఇనుప కడ్డీలు మార్చి మార్చి గుచ్చి తిప్పాలి. కడ్డీ జారిందా, మూతి పళ్ళు రాలతాయి. ఒకటి విరిగితే రెండోది కూడా మార్చాల్సిందే, ఎందుకంటే రెండూ ఒకే రోజు పనిలోకి దిగినవి, ఒకేలా అలిసిపోయినవి. విరగని ఆ రెండోదాన్ని, చూడ్డానికి ఎంత నిక్షేపంగా ఉన్నా సరే, నడిమికి కోసి గాని మేస్త్రి పాత ఇనుములో పడేసేవాడు కాదు.

"కోయకపోతే ఎవడో వెధవ ఏరుకుపోయి ఇంకెవరి నెత్తి మీదో తగిలిస్తాడు" అనేవాడు.

ఆ వెధవ రోజూ తన పక్కనే కూర్చుని అన్నం తింటున్నాడని ఆయనకేం తెలుసు!

వాడు ఆయన బావమరిది. తమ్ముడంటే మేస్త్రి భార్యకి ప్రాణం. తల్లి పోయాక చంకనేసుకుని పెంచింది. పెద్దయ్యాక ఏ పనిలోనూ కుదురుగా ఉండకపోతే, "మీ పనే వాడికీ నేర్పండి" అని మొగుడి వెంటపడింది. ఆయన కాదనలేదు. మనిషి చురుకైనవాడే, పైగా మాటకారి. మేస్త్రికి కుడి భుజం పట్టేసి రంపం ఆడించడం కష్టమైనప్పుడు, "నేను కోస్తాలే బావా, నువ్వు కూర్చో" అన్నాడు. ఆ తర్వాత భుజానికి ఆపరేషన్ అయి మేస్త్రి మంచం పట్టాడు. పనంతా బావమరిదే చూసుకున్నాడు. ఆ రోజుల్లోనే మేస్త్రి సొంత గ్యారేజీ స్ప్రింగు విరిగితే అదీ వాడే మార్చాడు. అక్క మురిసిపోయింది.

భుజం కుదుటపడి మేస్త్రి మళ్ళీ పనిలోకి దిగాడో లేదో, దర్జీ ఆవిడ దగ్గర్నుంచి ఫోను వచ్చింది.

ఆవిడ గ్యారేజీనే కుట్టుగది చేసుకుంది. వెలుతురు కోసం మిషను సరిగ్గా తలుపు కింద వేసుకుని కుడుతుంది. మేస్త్రి వెళ్ళేసరికి తలుపు ఒక పక్కకి ఒరిగి కూలబడి ఉంది. నేల మీద నూలుపోగు కూడా లేనంత శుభ్రం. ఆయనకి ఛీ అనడానికి ఏమీ దొరకలేదు.

"రండి, చూడండి మీ ఘనకార్యం!" అంటూ ఆవిడ తలుపు అంచు కింద నలిగి అప్పచ్చి అయిపోయిన పిల్లి పాలగిన్నె చూపించింది. "ఫోను మోగిందని లేచాను కాబట్టి బతికిపోయాను. లేకపోతే దాని పక్కన నా తలకాయ ఉండేది."

"బిగించింది నేను కాదమ్మా, మా బావమరిది."

"వచ్చిన బండి మీదే, బండి మీద పేరూ మీదే. మీలో ఎవరు మంచివాళ్ళో నాకెలా తెలుస్తుంది?"

మేస్త్రి నిచ్చెన వేసుకుని విరిగిన స్ప్రింగు విప్పి కిందికి తెచ్చాడు. విరిగిన చోట నల్లరంగు పెచ్చులూడుతోంది. కొత్త స్ప్రింగు నల్లగానే వస్తుంది గానీ ఇలా పెచ్చులూడదు. గోటితో గీకాడు. కింద పసుపు కనిపించింది. ఇంకా గీకాడు. పసుపు గీత స్ప్రింగు పొడుగునా పాకి, చివర చిన్న కొక్కెంలా వంపు తిరిగి ఆగింది.

ఆ వంపు ఆయనదే. తిప్పబోయే ముందు స్ప్రింగు మీద పసుపు రంగుతో నిలువుగా గీత గీయడం ఆయన అలవాటు. తిప్పుతున్నకొద్దీ గీత మెలి తిరుగుతుంది, దాన్ని బట్టి ఎంత బిగిసిందో తెలుస్తుంది. ఆఖర్న కుంచె ఎత్తేటప్పుడు చెయ్యి తనంతట తనే అలా వంపు తిప్పేస్తుంది. అంటే ఈ స్ప్రింగు ఒకప్పుడు ఎవరింట్లోనో తను బిగించింది, తర్వాత తనే పనికిరాదని విప్పేసింది. రెండోదీ గీకి చూశాడు. అక్కడా అదే వంపు.

నోట్లో ఏదో కుళ్ళింది పెట్టుకున్నట్టయింది ఆయనకి. అక్కడే బావమరిదికి ఫోను చేశాడు.

"ఏంటి బావా, దానికింత గొడవ?" అన్నాడు వాడు. "ఉక్కు ఉక్కే కదా! విరగలేదు, బాగానే ఉంది, రంగేసి పెట్టా. ప్రమాదమని తెలిస్తే వేస్తానా? నిజంగా నాకు తెలీదు బావా."

మేస్త్రి ఫోను కట్ చేశాడు. కొత్త స్ప్రింగులు బిగించి, పాతవి రెండూ అక్కడే ఆవిడ కళ్ళ ముందే కోశాడు. భుజం సలుపుతున్నా ఆపలేదు.

ఇంటికి వచ్చేసరికి భార్య మోటారు మీటతో గ్యారేజీ తలుపు పూర్తిగా ఎత్తి, గాలికి దాని కింద పీట వేసుకుని కూరగాయలు తరుగుతోంది. ఆయన జరిగిందంతా చెప్పి, "వాడు ఇక నా పనిలో ఉండడు, ఈ ఇంట్లోనూ ఉండడు" అన్నాడు.

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "తెలియక చేసుంటాడండీ. తెలిసి ఒకరి ప్రాణం మీదికి తెచ్చే రకం కాదు, నేను పెంచినవాడు. వాణ్ణి గెంటేస్తే నన్ను గెంటేసినట్టే."

ఆ ఒక్క మాటతో ఆయన కాళ్ళూ చేతులూ కట్టేసినట్టయింది. ఇన్నేళ్ళలో ఆవిడ తనకోసం ఏదీ అడగలేదు. ఆవిడ మొహం చూడలేక తల పైకెత్తాడు. ఆవిడ నెత్తి మీద, గొట్టానికి, నల్లగా రెండు స్ప్రింగులు. ఇవీ వాడు వేసినవే.

"లే! ముందు అక్కణ్ణుంచి లే!" అని రెక్క పట్టి లాగాడు. కూరగాయలు చెల్లాచెదురయ్యాయి. గబగబా నిచ్చెనెక్కి ఆకురాయితో ఒకదాన్ని గీకాడు, తర్వాత రెండోదాన్నీ గీకాడు. నలుపు కింద మెరిసే ఉక్కు తప్ప ఏమీ లేదు.

"ఏంటండీ? ఏం కనిపించింది?"

"కొత్తవి. రెండూ కొత్తవే."

ఆవిడ మొహం వెలిగిపోయింది. "చూశారా! ఎన్ని మాటలన్నారు వాణ్ణి! నా ఇంటికి..."

అక్కడ ఆగిపోయింది. చేతిలోని కత్తి పీట మీద పెట్టేసింది. మేస్త్రి నిచ్చెన దిగాడు. చెప్పాల్సింది ఆవిడే చెప్పింది.

"అయితే వాడికి తెలుసు."

అంతలో గేటు దగ్గర బండి ఆగింది. "అక్కా, ఆకలి దంచేస్తోంది!" అంటూ బావమరిది బండి తోసుకుంటూ గ్యారేజీ వైపు వచ్చాడు. బావ మొహం చూసి నవ్వు తగ్గించాడు.

"దర్జీ ఆవిడ తలుపు కిందే కూర్చుని కుడుతుందని నీకు తెలుసా?" అంది అక్క.

"చూశానక్కా. అయినా బావ ఊరికే కంగారు..."

"నేనూ ఈ తలుపు కిందే కూర్చుంటానని తెలుసు కదరా నీకు."

వాడి చూపు పైనున్న స్ప్రింగుల మీదికి పోయింది. ఆవిడ వాణ్ణి ఒక్కసారి కిందనుంచి పైదాకా చూసింది.

"ఛీ" అంది.

పీట కాలితో లోపలికి తోసి, గోడ మీద మోటారు మీట నొక్కింది. మంచి స్ప్రింగులు కదా, తలుపు చిన్న చప్పుడు కూడా లేకుండా వాడి మొహం ముందు నేల దాకా దిగింది.