మూడు ఫ్యాన్ల కార్డు

నేను చేవెళ్లలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. మా ఇల్లు మొయినాబాద్ దగ్గరి హిమాయత్‌నగర్‌లో. ఇంట్లో అవ్వ, తమ్ముడు, నేను. తమ్ముడు మొయినాబాద్‌కు షేర్ ఆటో నడుపుతాడు.

ముప్పై దాటాక నాకు కార్ల రేసు ఆట పిచ్చి పట్టింది. తల్లిదండ్రులు బడికొస్తే పిల్లల చేతికి ఫోను ఇవ్వొద్దని చెప్పేది నేనే. ఇంటికొచ్చి తలుపు దగ్గరగా వేసుకుని ఆడేదీ నేనే. ఎవరైనా వస్తే ఫోను బోర్లా పెట్టేసేదాన్ని.

ఈ వేసవి సెలవుల్లో సొంతంగా ఒక గేమింగ్ కంప్యూటర్ తయారుచేసుకోవాలని వీడియోలు చూడటం మొదలుపెట్టాను. ఏ ప్రాసెసర్‌కు ఏ మదర్‌బోర్డు సరిపోతుందో, పవర్ సప్లై ఎంత ఉండాలో నేర్చుకున్నాను. మా ముందర గదిలో అవ్వ కుట్టుమిషను పక్కన ఉన్న జాగాలో, ఈ భాగాలన్నీ బిగించే పెట్టె, అదే క్యాబినెట్, చిన్నది మాత్రమే పడుతుంది. ఆటలోని బొమ్మలను తెరమీదికి తెచ్చే గ్రాఫిక్స్ కార్డు పొట్టిదైతేనే ఆ క్యాబినెట్‌లో ఇముడుతుంది. మూడు ఫ్యాన్లది పొడుగు ఎక్కువ, అందుకే రెండు ఫ్యాన్లున్న కార్డు తీసుకోవాలనుకున్నాను.

మొయినాబాద్‌లో ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు వెళ్లే కంప్యూటర్ల దుకాణానికి వెళ్లాను. నేను నోరు తెరిచేలోపే దుకాణదారు అడిగాడు.

“గేమింగ్‌దా మేడమ్? ఎవరికి, తమ్మునికా?”

కౌంటర్ దగ్గరున్న ఇద్దరు కాలేజీ పిల్లలు తిరిగి చూశారు.

“ఆ, తమ్మునికే” అన్నాను.

ఆ మాట అన్నాక, నేర్చుకున్నదంతా నాకు పనికిరాకుండా పోయింది. తమ్ముడి కోసం కొనే అక్కకు ఇవన్నీ ఎట్లా తెలుస్తాయి? గిన్నెల కొట్టులో గిన్నె చూపించినట్టు క్యాబినెట్‌ను చూపించి, చిన్నగా బాగుందన్నాను. రెండు ఫ్యాన్ల కార్డు మీద చెయ్యి వేశాను. ఆయన దాన్ని పక్కకు జరిపాడు.

“గిది ఇయ్యాల్రేపు పోరగాళ్లకు నచ్చదు మేడమ్. మూడు ఫ్యాన్లది తీస్కపోన్రి. తమ్ముడు ఖుష్ అయితడు.”

“దాంట్ల పడతదా అన్నా?”

“పడతది, ఫికర్ జెయ్యకున్రి” అన్నాడు, క్యాబినెట్ వైపు చూడకుండానే.

“పట్టదు రా” అని ఆ పిల్లల్లో ఒకడు రెండోవాడితో మెల్లగా అనడం నాకు వినిపించింది. పట్టదని నాకూ తెలుసు. అయినా మిగతా భాగాలతో కలిపి దానికీ పైసలు కట్టాను. ఫిట్టింగ్ మేమే చేస్తామంటే, వద్దు, తమ్ముడు చేసుకుంటాడన్నాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక నేల మీద దుప్పటి పరిచి కూర్చున్నాను. తమ్ముడు పక్కన కూర్చుని స్క్రూలు అందించాడు. ప్రాసెసర్, ర్యామ్ అన్నీ సరిగ్గా కూర్చున్నాయి. చివరికి కార్డు దగ్గర ఆగిపోయాను. దాని కొస ముందరి రేకుకు తగిలి లోపలికి పోలేదు.

“దుకాణపోడు మోసం జేసిండా అక్కా?”

“లేదు. పట్టదని నాకు అక్కడ్నే ఎరుక.”

“ఎరుకైతే ఎందుకు చెప్పకపోతివి?”

దుప్పటి వైపు చూస్తూ చెప్పాను. “నీకోసమే కొంటున్న అని చెప్పిన. ఏం తెల్వనట్టు నిలబడ్డ.”

వాడు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. చేతిలో ఉన్న స్క్రూలను డబ్బా మూతలో పోశాడు.

“ఆడేది నువ్వని నాకు తెల్వదా? గంత దాసిపెట్టుడెందుకు?”

వంటింట్లోంచి అవ్వ అంది. “పక్కల పండుకుంటే ఆ కార్ల సప్పుడు నాకు ఇనబడదా బిడ్డా?”

ఇన్నాళ్లూ నేను దాచింది వాళ్లకు తెలుసు. తెలిసినా నా కోసం తెలియనట్టు ఉన్నారు. తల ఎత్తలేకపోయాను.

“నేను పోయి మార్పిస్త. నాకే నచ్చలేదని చెప్త” అన్నాడు తమ్ముడు. ఒక్క క్షణం సరే అనబోయాను. అప్పుడు పడినంత సిగ్గు ఆ దుకాణంలో కూడా పడలేదు.

మర్నాడు వాడి ఆటోలోనే ఇద్దరం వెళ్లాం. దుకాణంలో మనుషులున్నారు. వాళ్లు వెళ్లేదాకా ఆగుదామనిపించింది కానీ తమ్ముడు కార్డు డబ్బా తీసి కౌంటర్ మీద పెట్టేశాడు.

“కంప్యూటర్ నాకే అన్నా, ఆడేది నేనే. ఆ క్యాబినెట్‌ల ఇది పట్టలేదు. రెండు ఫ్యాన్లదే ఇయ్యి” అన్నాను.

ఆయన కార్డును అటూ ఇటూ తిప్పి గీతలేమైనా పడ్డాయేమో చూశాడు. “మొన్ననే చెప్తే అయిపోతుండె గద మేడమ్” అని పొట్టిది తీసిచ్చాడు. ఎవరూ నవ్వలేదు. అయినా బయటికొచ్చేదాకా నా చెవులు కాలుతూనే ఉన్నాయి.

ఆ సాయంత్రం తెర వెలిగింది. తమ్ముడు స్టూలు లాక్కుని నా వెనక కూర్చున్నాడు. నేను మలుపులో కారు తిప్పగానే, “గట్ల కట్ కొడితే నా ఆటోల ఒక్కడు గూడ ఎక్కడు” అన్నాడు. కాసేపయ్యాక అడిగాడు. “నాకు నేర్పిస్తవా?”

వాడి పేరు చెప్పుకుని కొన్నాను గానీ, ఆడతావా అని వాడిని ఒక్కసారీ అడగలేదు. లేచి నా కుర్చీ వాడికిచ్చాను. వాడు మొదటి మలుపులోనే కారును గోడకు కొట్టాడు. ఏ మీట నొక్కాలో పక్కన నిలబడి చెబుతూ ఉన్నాను, వాడి ముఖం చూడకుండా.