నల్ల అంచు

ఫోటోలకు ఫ్రేములు కట్టే ఆయన అద్దం తుడిచే ముందు దాని మీద మెల్లగా ఊదుతాడు. పట్టిన ఆవిరి కరిగేదాకా చూస్తాడు. ఆయన గోళ్ల చివర ఎప్పుడూ ఎండిన జిగురు ఉంటుంది. పని తెమిలాక బతికున్న చుట్టాల ఫోటోలకు నల్ల అంచు కట్టి కుటుంబం గ్రూపులో పెట్టడం ఆయన సరదా. భార్య తమ్ముడైన బావమరిది పడీ పడీ నవ్వుతాడు. పిన్ని మాత్రం, "శుభం పలకరా అంటే నల్లంచు కడతావేంరా!" అని తిడుతుంది. మూడేళ్ల కిందట చెల్లెలి భర్త ఆసుపత్రిలో ఉండగా అతని ఫోటోకూ అలాగే కట్టాడు. ఆ మనిషి కోలుకున్నాడు గానీ చెల్లెలు గ్రూపు వదిలి వెళ్లిపోయింది. అప్పటినుంచి మాటల్లేవు.

ఈ మధ్యాహ్నం ఆయన తన ఫోటోకే నల్ల అంచు కట్టి, "ఈ ఉదయం పోయాడు" అని రాసి పెట్టాడు. "అన్నం తినే పోయావా బావా?" అన్నాడు బావమరిది. ఎవరో దాన్ని చెల్లెలికి పంపినట్టున్నారు, కాసేపటికి ఆమె నుంచి ఆయన ఫోన్‌కే కాల్ వచ్చింది. ఎత్తగానే, "వదినా..." అని ఏడ్చింది, ఫోన్ తీసింది అన్న భార్యే అనుకుని. "నా కోపం ఎప్పుడో పోయింది వదినా. పంతమే పోలేదు. ఒక్కసారి అన్నయ్యతో మాట్లాడి ఉండాల్సింది." ఆయన నోరు తెరిచాడు. ఒక్క మాట పలికితే తాను బతుకుతాడు, ఆ గొంతు మళ్లీ దూరమైపోతుంది. ఊపిరి బిగబట్టి ఫోన్‌ను చెవికి అదుముకున్నాడు. "వింటున్నావా వదినా?" అంది చెల్లెలు. ఆయన వింటూనే ఉన్నాడు.