మిరపయ్యకి మందు పెట్టిన రోజు

మా కేబుల్ బాబాయి పోయాడన్న కబురు ఊరి వాట్సాప్ గ్రూపులో వచ్చింది. దాని పైన పత్తి రేటు గురించి ఎవరో పెట్టిన మెసేజీ, కింద ఎవరి మనవడికో పుట్టినరోజు శుభాకాంక్షలు. మధ్యలో ఆయన పాత ఫొటో ఒకటి. నేనప్పుడు గుంటూరులో, నేను పనిచేసే మందుల షాపులో, ఏ బిళ్ళ పొద్దున వేసుకోవాలో ఏది రాత్రి వేసుకోవాలో ఒక పెద్దాయనకి కవర్ల మీద రాసిస్తున్నాను. ఆయన ఇంకోసారి చెప్పమంటే ఇంకోసారి చెప్పి, లోపలి గదిలోకి వెళ్ళి అట్టపెట్టెల మధ్య కూర్చున్నాను. వెంటనే ఏడుపు రాలేదు. ముందు గుర్తొచ్చింది వేరే. మొన్న ఆదివారం ఆయన ఫోన్ చేస్తే నేను ఎత్తలేదు.

ఆయన మాకు చుట్టం కాడు. వాళ్ళది మసీదు వీధి, మాది చర్చి పేట. రెంటికీ మధ్య సందులో, సరిగ్గా మా ఇంటికి ఎదురుగా, ఆయన కేబుల్ గది ఉండేది. ప్రత్తిపాడు దాటాక వచ్చే మా ఊళ్ళో నా చిన్నప్పుడు టీవీ ఉన్న ప్రతి ఇంటికీ వైరు ఆ గదిలోంచే వెళ్ళేది. మా నాన్నని అన్నా అని పిలిచేవాడు కాబట్టి నాకు బాబాయి అయ్యాడు. పెళ్ళయిన రెండో ఏడే భార్య పోయిందట, మళ్ళీ చేసుకోలేదు. పొద్దస్తమానం ఆ గదిలోనే, వైర్ల మధ్య, చేతులున్న పాత కుర్చీలో కూర్చుని ఉండేవాడు. భోజనం కూడా అక్కడే చేసేవాడు.

అప్పట్లో డిష్‌లో ఒక పిల్లల చానెల్ ఇంగ్లీషులో వచ్చేది. బొమ్మలు చక్కగా కదిలేవి గానీ మాట ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. మేం గోల చేస్తే ఒకరోజు బాబాయి ఆ శబ్దం తీసేసి, ఊరి ప్రకటనలకి వాడే మైకు దగ్గరికి లాక్కుని, తానే మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆయన చదివింది ఏడో తరగతి. ఇంగ్లీషు మాకు ఎంత వచ్చో ఆయనకీ అంతే. కానీ తెర మీద నోరు కదిలితే చాలు, ఈయన దగ్గర మాట సిద్ధంగా ఉండేది. రోజూ సాయంత్రం ఐదున్నరకి అరగంటసేపు మా ఊరి పిల్లలెవరూ వీధిలో కనపడేవాళ్ళు కాదు.

అందులో హీరో ఒళ్ళంతా ఎర్రబట్టలు, నెత్తిన ఆకుపచ్చ టోపీ. అచ్చం పండు మిరపకాయలా ఉన్నాడని బాబాయి వాడికి మిరపయ్య అని పేరు పెట్టాడు. విలన్ పేరు గుండు దొర. మిరపయ్య మేఘాల్లో ఎగురుతూ, "ఒరేయ్ గుండూ, కల్లంలో కాయలెత్తి వస్తన్నా, ఉండు నీ పని చెప్తా" అనేవాడు. గుండు దొర కోట కూలిపోతే, పోయినేడు తుపానుకి మా పాక కూడా ఇట్టాగే పోయిందని వాపోయేవాడు. పోట్లాట మంచి పట్టు మీద ఉండగా కథ ఆపి, ఫలానా వాళ్ళ గేదె తప్పిపోయిందని ప్రకటన చదివేవాడు. గొంతు మార్చుకోవడం మరిచిపోయి గుండు దొర గొంతుతోనే గేదె ఆనవాళ్ళు చెప్పేవాడు. గేదె గలవాళ్ళకి కోపం వచ్చేది, మాకు కడుపు చెక్కలయ్యేది.

ఆ ఏడు పత్తి కాయ పట్టే రోజుల్లో మా నాన్న పోయాడు. నాన్న కూలికి చేలల్లో పురుగుల మందు కొట్టేవాడు. ఒక పూట గాలి ఎదురు తిరిగింది, ట్యాంకు వీపున ఉండగానే చేలో పడిపోయాడు. మందు ఎక్కిందన్నారు. గుంటూరు తీసుకెళ్ళారు. నడిచి వస్తాడేమోనని నేను వాకిట్లో కూర్చున్నాను, కానీ బండిలో తెచ్చారు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. పెద్దవాళ్ళు ఏవేవో అన్నారు గానీ నా బుర్రకి ఒక్కటే ఎక్కింది. మందు ఎక్కినవాళ్ళు లేవరు.

రెండు నెలల తర్వాత మళ్ళీ టీవీ ముందు కూర్చున్నాను. ఆ రోజు కథలో గుండు దొర మిరపయ్యని మోసం చేసి పట్టుకుని, కుర్చీకి కట్టి, నెత్తిన ఇనప బుట్ట లాంటిది బోర్లించాడు. దీపాలు గిర్రున తిరిగాయి. బుట్ట తీసేసరికి మిరపయ్య కళ్ళల్లో సుడులు తిరుగుతున్నాయి. స్నేహితులు ఎదురొస్తే గుర్తుపట్టలేదు. గుండు దొర వేలు చూపిస్తే అటు నడిచాడు. ఇది ఏమిటో, దీన్ని తెలుగులో ఏమనాలో బాబాయికి ఒక క్షణం తోచలేదు. మైకులో గుటక వేసిన చప్పుడు వినపడింది. తర్వాత అన్నాడు: "అయ్యయ్యో, మిరపయ్యకి మందు పెట్టారర్రా."

మా వైపు ఎవడైనా సొంతవాళ్ళని మరిచిపోయి పరాయివాళ్ళ మాట మీద నడుస్తుంటే, అన్నంలో మందు పెట్టారంటారు. మందు పెట్టినవాడు మనలాగే తింటాడు, తిరుగుతాడు, బుద్ధి మాత్రం పెట్టినవాళ్ళ చేతిలో ఉంటుంది. అందుకే గుండు దొర పన్నాగం ఆ ఒక్క మాటతో ఊరందరికీ తెలిసిపోయింది. కొడుకు అత్తారింటి పాలయ్యాడని ఏడ్చే ముసలమ్మ ఒకావిడ మా వీధిలో ఉండేది. ఆవిడ ఆ సాయంత్రం గుండు దొరని తిట్టిన తిట్లు ఇక్కడ రాయడానికి లేదు. బాబాయి ఎంచుకున్న మాటలో తప్పేమీ లేదు. కానీ నాకు అందులో ఒక్క ముక్కే వినపడింది. మందు. అంతలో కరెంటు పోయింది.

నేను సందు దాటి కేబుల్ గదిలోకి పరిగెత్తాను. బాబాయి చీకట్లో అగ్గిపెట్టె వెతుక్కుంటున్నాడు.

"బాబాయ్, మిరపయ్య లేస్తాడా?"

"లేవడమేందే, నిలబడే ఉన్నాడుగా."

"మందు ఎక్కితే పడిపోతారు కదా. మళ్ళీ లేవరు కదా."

ఆయన పుల్ల గీశాడు. ఆ వెలుగులో నా మొహం చూశాడు. పుల్ల వేలు దాకా కాలినా వదల్లేదు. ఆ మందు వేరనీ ఈ మందు వేరనీ నాకు చెప్పడానికి ప్రయత్నించాడు గానీ రెండు మాటలయ్యాక ఆపేశాడు. చివరికి, "రేపు నువ్వొచ్చి పిలువమ్మాయ్. నేస్తం పిల్ల ఒకతి ఉందిగా కథలో, ఆ పిల్ల మాట నువ్వు చెప్పు. పేరెట్టి పిలిస్తే గుర్తొచ్చుద్దేమో వాడికి" అన్నాడు. రేపటి కథలో ఏముందో ఆయనకీ తెలియదు. అయినా అన్నాడు.

మర్నాడు నన్ను ఆ చేతుల కుర్చీలో కూర్చోబెట్టి, తాను పక్కన డబ్బా మీద కూర్చున్నాడు. మైకుకి దుమ్ము పట్టకుండా ఒక చేతిరుమాలు చుట్టి రబ్బరు బ్యాండు వేసి ఉంచేవాడు. అది తీయకుండానే నా నోటి ముందు పెట్టాడు. తెర మీద మిరపయ్య సుడి తిరిగే కళ్ళతో సొంతవాళ్ళ మీదికే వస్తున్నాడు. అందరూ పారిపోయారు. ఆ నేస్తం పిల్ల మాత్రం అడ్డంగా నిలబడింది, నోరు తెరిచింది. బాబాయి నా భుజం తట్టాడు. మిరపయ్యా, నేనురా, అనాలి నేను. పొద్దుటినుంచి అదే అనుకుంటూ ఉన్నాను.

నేను "నాన్నా" అన్నాను. "నాన్నా, లెగు."

ఊళ్ళో టీవీ ఉన్న ప్రతి ఇంట్లో అది వినపడింది. ఎదురుగా మా ఇంట్లోంచి నా గొంతే నాకు వినపడింది, అమ్మ అక్కడ టీవీ ముందే ఉంది. తెర మీద మిరపయ్య ఆగిపోయాడు. కళ్ళల్లో సుడులు నెమ్మదిగా తగ్గాయి. వాడి నోరు కదిలింది. ఇక బాబాయి పలకాలి. ఏ గొంతుతోనైనా క్షణం ఆలస్యం చేయని మనిషి అప్పుడు మిరపయ్య నోరు కదలడం ఆగేదాకా మైకు నా ముందే ఉంచాడు. తర్వాత మైకు తన వైపు తిప్పుకుని, మిరపయ్య గొంతుతో కాదు, తన మామూలు గొంతుతో, "విన్నానమ్మా" అన్నాడు.

ఆ రోజు మిగతా కథలో బొమ్మలు మాత్రమే కదిలాయి. నేను ఇంటికి వెళ్తే అమ్మ పొయ్యి ముందు ఉంది. నాన్న పోయిన తర్వాత మొదటిసారి ఆ పూట అన్నం వేడిగా వండింది.

అప్పటినుంచి బాబాయి మందు అనే మాట మానేశాడు. మాట మానడమంటే మాటలా. పత్తీ మిర్చీ తప్ప పంట లేని ఊళ్ళో ఆ మాట లేకుండా ప్రకటనలు చదవడం ఎంత కష్టమో ఆలోచించండి. మందు కొట్టడాన్ని పిచికారీ అనేవాడు. జ్వరానికి వేసుకునేవి బిళ్ళలు. మందు తాగడాన్ని తాగుడు అనేవాడు. నేను ఫార్మసీ చదివి షాపులో చేరితే అది ఆయనకి బిళ్ళల కొట్టు. ఊళ్ళో దీన్ని తమాషాగా చెప్పుకునేవాళ్ళు, ఆయన నోటి వెంట ఆ మాట పలికించాలని పందాలు కూడా వేసుకున్నారు. ఎవరూ గెలవలేదు. ఇంకొకటి, పత్తి పూత మీదికొచ్చిందంటే చాలు, సాయంత్రం మిరపయ్య కథకి ముందు ఒకే ప్రకటన చదివేవాడు: "పిచికారీ చేసేవాళ్ళు ముక్కూ మూతికి గుడ్డ కట్టుకోండి. గాలికి ఎదురు కొట్టబాకండి. ఇంటికాడ పిల్లలున్నారు." అది చదవమని ఆయనకి ఎవరూ చీటీ రాసివ్వలేదు.

ఇంటర్ అయ్యాక గుంటూరు వెళ్తూ ఒకసారి అడిగాను, ఆ రోజు లేచానని ఎందుకు అనలేదని. అంటే నేను సంతోషపడేదాన్ని కదా అన్నాను. "లేచానంటే అబద్ధం అవుద్ది, రేపు నీకు తెలిసిపోద్ది. విన్నానంటే అబద్ధం కాదుగా. ఎవరో ఒకళ్ళం విన్నాంగా" అన్నాడు. అని వెంటనే వైరు కత్తిరించే పనిలో పడ్డాడు.

తర్వాత ఇంటింటికీ చిన్న డిష్‌లొచ్చాయి, ఆ తర్వాత ఫోన్లొచ్చాయి. పిల్లలకి మిరపయ్యలు తెలుగులోనే బోలెడుమంది దొరికారు. బాబాయి వైర్లు ఒక్కొక్కటే తెగిపోయి చివరికి నాలుగిళ్ళు మిగిలాయి. అందులో ఒకటి మాది. దానికి పాత టీవీ అలాగే ఉంచింది అమ్మ. కొత్తది కొంటానంటే, నీ గొంతు ఇందులో వచ్చింది అంటుంది. బాబాయి మాత్రం రోజూ ఐదున్నరకి మైకు ముందు కూర్చునేవాడు. ప్రకటనలు ఇచ్చేవాళ్ళు లేరు కాబట్టి ఎండ గురించి, వాన గురించి, పంపు ఎప్పుడు వదులుతారన్న దాని గురించి చెప్పేవాడు.

నాకు వారానికోసారి ఫోన్ చేసేవాడు. హలో అనేవాడు కాదు. "వింటన్నావా అమ్మాయ్?" అనేవాడు. ఒకసారి, ఊరందరికీ ఎవరో, అని మొదలుపెట్టి ఠక్కున ఆగిపోయాడు. ఆ మాట మింగేసి, పక్కన మనిషుంటే గుర్తుపట్టకుండా ఫోన్లోకే చూస్తన్నారమ్మా అని సరిపెట్టుకున్నాడు. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా, ఫోన్లో కూడా, నా ముందు ఆ మాట అనలేదు. నాలుగిళ్ళ కోసం అంత తాపత్రయం ఎందుకు బాబాయ్ అంటే, "నాలుగు గాదులే, మీ అమ్మ ఒక్కతే చూసేది. ఒక్కళ్ళున్నా చెప్పాలిగా" అన్నాడు.

ఆయన బీపీ బిళ్ళలు నేనే పంపేదాన్ని, ఊరి ఆటో అతని చేత. నెల నెలా తప్పకుండా పంపేదాన్ని. అదే చాలనుకున్నాను. మనిషిని చూసి ఏడాది దాటింది. మొన్న ఆదివారం ఫోన్ మోగినప్పుడు షాపులో జనం ఉన్నారు, నిజమే. సాయంత్రానికి లేరు. రాత్రికి అసలే లేరు. ఏ గుండు దొరా నా నెత్తిన బుట్ట బోర్లించలేదు, నేనే మరిచిపోయాను.

నేను వెళ్ళేసరికి ఆయన్ని తీసుకెళ్ళిపోయారు. పొద్దున పాలు పోసే ఆవిడ చూసిందట, కుర్చీలోనే ఉన్నాడట. వాళ్ళలో ఆడవాళ్ళు ఖబరస్థాన్‌కి వెళ్ళరు కాబట్టి పిడికెడు మట్టి వేయడం కూడా కుదరలేదు. మా ఇంట్లో కూర్చున్నాను. పొలాల్లో పత్తి పూత మీదుంది, కిటికీలోంచి పిచికారీ వాసన వస్తోంది. ఐదున్నరకి అమ్మ లేచి టీవీ పెట్టింది. నీలం తెర వచ్చింది, సన్నగా హోరు. అమ్మ దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. ఏముందమ్మా అందులో అంటే, అలవాటు అంది.

నేను లేచి సందు దాటాను. కేబుల్ గదికి గొళ్ళెం మాత్రమే పెట్టి ఉంది. మైకు చేతిరుమాల్లో, రబ్బరు బ్యాండుతో, అలాగే ఉంది. కుర్చీలో కూర్చుని స్విచ్చి వేశాను. పిచికారీ చేసేవాళ్ళు ముక్కూ మూతికి గుడ్డ కట్టుకోండని చదివాను. గాలికి ఎదురు కొట్టొద్దన్నాను. ఇంటికాడ పిల్లలున్నారన్నాను. అక్కడితో ప్రకటన అయిపోయింది. అయినా స్విచ్చి తీయలేకపోయాను.

"బాబాయ్" అన్నాను.

ఎదురుగా మా ఇంటి కిటికీలోంచి నా గొంతే నాకు వినపడింది. తర్వాత హోరు. బదులు చెప్పాల్సిన మనిషి కుర్చీలో నేనే కూర్చుని ఉన్నాను. సందు అవతల అమ్మ లేచి, టీవీ దగ్గరికి వెళ్ళి, సౌండు పెంచింది.