మేకు కొట్టని ఇల్లు

2004లో బీరంగూడ మెయిన్ రోడ్డు మీద, టిఫిన్ సెంటర్‌కూ మందుల షాపుకూ మధ్య ఒక షట్టర్ కిరాయికి తీసుకుని ఇంటర్నెట్ సెంటర్ నడిపేదాన్ని. అప్పటికి ఇళ్లలో కంప్యూటర్లు తక్కువ. రిజల్ట్స్ చూసుకునే పిల్లలు, బయోడేటా ప్రింట్ తీసుకునే ఐటీఐ కుర్రాళ్లు, ఆటలాడుకునే కాలేజీ వాళ్లు నా గిరాకీ. ఆడది సెంటర్ నడపడమేంటని మూతి విరిచినవాళ్లే, తర్వాత తమ ఆడపిల్లల్ని ధైర్యంగా నా దగ్గరికి పంపేవాళ్లు. నాకు నోరు ఎక్కువని పేరు. నోరు లేకపోతే ఆ దందా నడిచేది కాదు.

స్వరూప మొదటిసారి భర్త బయోడేటా టైపు చేయించడానికి వచ్చింది. ఆమెది కాజీపల్లిలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని. భర్త ప్రభుదాస్ ఇంకో కంపెనీలో షిఫ్టుల మీద చేసేవాడు. మా వీధి వెనకాలే ఒక గదిలో కిరాయికి ఉండేవాళ్లు. ప్రింట్ వచ్చేలోగా ఆమె పక్క సిస్టమ్ వైపు చూసింది. అక్కడ ఒక అమ్మాయి ఆట ఆడుతోంది.

"గదేంది మేడమ్? ఆ పిల్ల ఇల్లు కడుతున్నదా?"

"ఆట. అందుల మనుషులు తింటరు, పంటరు, నౌకరికి పోతరు. వాళ్లకు ఇల్లు మనం సర్దాలె."

"కిరాయి కట్టాల్నా అందుల?"

"అందుల కిరాయి లేదు. నాకైతే గంటకింత కట్టాలె," అన్నాను.

పకపకా నవ్వింది. "అయితే నాకు గూడ జెర నేర్పుండ్రి."

అప్పట్నుంచి వారం సెలవు నాడు ఇంటిపని ముగించుకుని వచ్చేది. మొదట్లో మౌస్‌ను వేడి గిన్నె పట్టుకున్నట్టు పట్టుకునేది. కొద్దిరోజులకే మేడమ్ పోయి అక్క వచ్చింది. ఆటలో ఒక పాత ఇల్లు తీసుకుని దాన్ని మార్చడం మొదలుపెట్టింది. కొత్త ఇల్లు తీసుకోవచ్చు కదా అంటే, "పాతదాన్నే బాగుచేసుకోవాలె అక్కా, గప్పుడే మనదైతది," అంది. వంటగట్టును కిటికీ కిందికి జరిపింది. బాత్రూమ్ ఇంట్లోనే కట్టింది. వాళ్ల ఓనర్ నాలుగు పోర్షన్లకు కలిపి ఒకటే బాత్రూమ్ కట్టించాడు, పొద్దున్నే బకెట్ పట్టుకుని లైన్లో నిలబడేది పాపం. ముందు గదికి లేత పసుపు రంగు వేసింది. ఆ రంగు తేల్చుకోవడానికి ఒక సెలవు రోజంతా పట్టింది.

ఇల్లు పూర్తయిన రోజు నన్ను కౌంటర్ మీద నుంచి లేపి తీసుకెళ్లింది.

"ఎట్లున్నది అక్కా?"

"మస్తుంది."

"నువ్వు గట్లనే అంటవ్. తెలిసినోళ్లు సెప్పాలె."

ఆ ఆట ఆడేవాళ్లకు నెట్‌లో ఒక ఫోరం ఉండేది. ఊరి రచ్చబండలాంటిదే, కాకపోతే అందరూ ఎక్కడెక్కడివాళ్లో. తాము సర్దిన ఇంటికి స్క్రీన్‌షాట్, అంటే తెర మీది బొమ్మను ఫొటోలా తీసి, అందులో పెడితే మిగతావాళ్లు బాగోగులు చెప్తారు. దాన్ని ఫీడ్‌బ్యాక్ అనేవాళ్లు. స్వరూప ఇంటి ఫొటోలు పెట్టి, నా వచ్చీరాని ఇంగ్లీషులో 'ఇల్లు ఎలా ఉందో చెప్పండి' అని రాశాను. ఆ వారమంతా ఆమె కంపెనీ బస్సు దిగి, ఇంటికి పోయే ముందు నా గుమ్మంలోకి తొంగిచూసేది. "వచ్చిందా అక్కా?" అదొక్కటే మాట.

సెలవు నాటికి జవాబులు వచ్చాయి. నేను చదివి చెప్తుంటే ఆమె కొంగు వేలికి చుట్టుకుంటూ వింది. వంటిల్లు చాలా బాగుందన్నారు. రంగు బాగుందన్నారు. మొహం వెలిగిపోయింది. చివర్లో ఒకావిడ రాసింది: 'అంతా చక్కగా ఉంది కానీ గోడల మీద ఒక్క పటం కూడా లేదేంటి? ఈ ఇంట్లో ఎవరూ ఉంటున్నట్టు లేదు.'

చదివాక చూశాను. నిజమే. అన్ని గదుల్లో ఒక్క గోడకూ ఏమీ లేదు. నేనూ గమనించలేదు.

స్వరూప చాలాసేపు తెరకేసి చూసింది. తర్వాత మెల్లగా అడిగింది.

"మేకులు కొట్టొచ్చా అక్కా ఇందుల?"

నా మనసు చివుక్కుమంది. కుర్చీ ఆమె పక్కకు లాక్కున్నాను.

ఆమే చెప్పుకొచ్చింది. పెళ్లయిన నాటి నుంచి కిరాయి గదులే. ఏ ఓనరైనా తాళం చెవి చేతిలో పెట్టేముందు చెప్పే మొదటి మాట, గోడకు మేకు కొట్టొద్దు. సున్నం రాలుతుందంటారు. పెళ్లికి వాళ్ల చర్చి సంఘం వాళ్లు బైబిలు వాక్యం రాసిన పటం ఇచ్చారట, అద్దం బిగించి, తలుపు పైన పెట్టుకొమ్మని. అది ఇప్పటిదాకా పాత చీరలో చుట్టి ట్రంకు పెట్టెలోనే ఉంది. "ఇల్లు మారినప్పుడల్లా తీసి తుడుస్తా, మళ్ల సుట్టి పెడ్త. అలవాటైపోయింది. ఆటల సుత గోడ ముట్టబుద్ధి గాలే."

ఆటలో పటాల కోసం వెతికాం. పడవలున్నాయి, పూలున్నాయి, వాక్యం మాత్రం లేదు. పూల బొమ్మ ఒకటి తలుపు పైన పెట్టి చూసి, తీసేసింది. "ఇది మాది గాదక్కా."

మరుసటి వారం చీర మూటతో వచ్చింది. విప్పితే పటం. నా షాపు గోడకు అంతకుముందు ఉన్న టైలర్ కొట్టిన మేకు ఒకటి ఉండేది, దానికి నా క్యాలెండర్ వేలాడేది. ఆమె ఆ మేకు వైపు చూసింది. నోరు తెరిచి అడగలేదు. నేను క్యాలెండర్ తీసేశాను. స్టూలెక్కి తన చేత్తోనే తగిలించి, దిగి, వెనక్కి జరిగి చూసి, మళ్లీ ఎక్కి వంకర సరిచేసింది.

"పటం లేదేందని రాసినామెకు ఏం జవాబు రాయాలె?" అని అడిగాను.

"పటం ఉన్నది, గోడనే ఇంకా లేదని రాయి అక్కా."

నా ఇంగ్లీషు అంతదూరం పోలేదు. థాంక్యూ అని రాసి వదిలేశాను.

తర్వాత వచ్చిన వాళ్లంతా, "మేడమ్ చర్చికి పోతున్నరా ఏంది?" అని ఆటపట్టించేవాళ్లు. "నీ గంట అయిపోవచ్చింది, ముందు గది సూస్కో," అనేదాన్ని.

ప్రభుదాస్‌కు ఇస్నాపూర్ వైపు కొత్త నౌకరి దొరికి వాళ్లు అటు మారారు. పటం తీసి ఇవ్వబోతే స్వరూప నా చెయ్యి పట్టుకుంది.

"కొత్త గది ఓనర్ అడగకముందే సెప్పిండక్కా, మేకులొద్దని. మా ఇల్లయ్యేదాక నీ గోడకు ఉండనియ్యి. మళ్ల పెట్టెల పెట్టబుద్ధి అయితలేదు."

కొన్నేళ్లకు నెట్ సెంటర్ల కాలం పోయి షట్టర్ దించేశాను. సిస్టమ్‌లు అమ్మేటప్పుడు ఫార్మాట్ చేస్తారు, అంటే ఉన్నదంతా తుడిచేస్తారు. ఆ లేత పసుపు ఇల్లు కూడా వాటితోనే పోయింది. పటాన్ని మాత్రం ఇంటికి తెచ్చుకున్నాను. మాది సొంతిల్లు. మావారు ఏమీ అడక్కుండా ముందు గది తలుపు పైన మేకు కొట్టిచ్చారు. సుత్తి చప్పుడు వింటుంటే ఏడుపొచ్చింది. ఇల్లు ఎలా ఉందని ఎవరు అడిగినా, ఆ ఇంట్లో మేకు కొట్టే హక్కు ఎవరిదో ముందు తెలుసుకోవాలని నాకు స్వరూపే నేర్పింది.

మొన్నామధ్య ఎవరి దగ్గరో నంబర్ పట్టి ఫోన్ చేసింది. గొంతు వెంటనే గుర్తుపట్టాను.

"ఇల్లు కట్టుకున్నరా స్వరూపా?"

"ఏడిదక్కా. ఇంకా కిరాయే." ఆ వెంటే అడిగింది. "పటం గోడకే ఉన్నదా, తీసి పెట్టినవా?"

"గోడకే ఉన్నది. రోజు తుడుస్తున్న."

"సూడనీకి ఎట్లున్నదక్కా?"

తలెత్తి చూశాను.

"మనుషులున్న ఇల్లు లెక్క ఉన్నది," అన్నాను.