జైబున్నీసా వంతు

మా నాయనను కన్న జేజి ఖమర్‌బీకి పాడటం వచ్చు, నన్ను తిట్టడం వచ్చు. రెండూ ఒకే గొంతుతో చేస్తుంది. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన నాకు వచ్చిందల్లా ఫోన్ తిప్పడమే కాబట్టి ఆమె పాటలు అమ్మే పని నాకు పడింది.

పెండ్లిళ్లలో నలుగు పెట్టేటప్పుడు జేజి ఒక చరణం పాడితే, ఆమె జోడీ జైబున్నీసా ఎత్తిపొడుస్తూ ఎదురు చరణం పాడేది. జవాబు రాకముందే తర్వాతి చరణం ఎత్తుకుంటే పెండ్లికి మంచిది కాదంటారు. జైబున్నీసా పోయింది. ఆమె సమాధితో సహా మా పాత ఊరు గండికోట జలాశయంలో మునిగింది. కొండాపురం దగ్గర కాలనీకి వచ్చాక కూడా జేజి ఒక చరణం పాడి, జవాబుకు పట్టేంత సేపు ఆగి, తల ఊపి, తర్వాతిది ఎత్తుకునేది.

ప్రొద్దుటూరులో రికార్డింగ్ అంగడి నడిపే మెహతాబ్ నాకు వ్యాపారం నేర్పాడు.

"పాటలన్నీ ఒకేసారి ఫోన్లో వదలొద్దు పాపా. శుక్రవారానికొకటి. పెండ్లిళ్ల నెలలు చూసుకో. ఫోన్లో ఊరికే విననీ, ఇంటికి పిలిపించుకున్నోళ్ల దగ్గర దుడ్లు తీసుకో. హక్కులు మాత్రం ఎవురికీ రాసియ్యాకు." తర్వాత జేజివైపు తిరిగాడు. "నడమ ఖాళీలు తీసేస్తా పెద్దమ్మా. ఎవురూ ఆగరు, ఇంకో పాటకు పోతారు."

"పోతే పోనీలేప్పా. ఖాళీ యాడుంది ఆడ? జైబూ పాడతాంది గదా."

మెహతాబ్ నావైపు చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను.

ఖాళీలతోనే వదిలాను. ఫోన్ చెడిందా అని కొందరు రాశారు. తర్వాత జమ్మలమడుగులో ఒక పెండ్లింట ఆ పాట పెడితే, ఖాళీ వచ్చిన ప్రతిసారీ ఆడవాళ్లే ఎదురు పాడారు. ఆ వీడియో ఊళ్లు తిరిగింది. పిలుపులు మొదలయ్యాయి. పులివెందుల దాకా పోయాం. ఎక్కడైనా జేజి ఆగగానే ఇల్లంతా అందుకునేది. సంపాదన బాగుంది. జేజి మాత్రం తల ఊపడం మానేసింది.

"ఏంది జేజీ, పేరొచ్చేసరికి మెడ బిగుసుకుపోయిందా?"

"ఇంతమంది అరుస్తాంటే జైబూకు చోటు యాడుందే."

చివరికి ఒక్క పాట మిగిలింది. అది వదలాకు అంది జేజి. శుక్రవారం నన్ను జలాశయం గట్టుకు పిలుచుకుపోయి, ఫోన్ ఆపించి, నీళ్లవైపు తిరిగి ఒక చరణం పాడింది. ఆగింది.

ఎగతాళి చేద్దామని నోరు తెరిచాను.

"ఉండవే, ఇంకా కాలేదు."

నీళ్లు కదల్లేదు. జేజి చెవి పెట్టి వింది, తల ఊపింది, ఉన్నట్టుండి పకపకా నవ్వింది.

"ఏమైంది?"

"కొత్త చరణం కట్టిందే జైబూ. నీ మీదనే."