పరీక్షకు రాని కుక్క

2006 ఫిబ్రవరి 11, శనివారం, వనపర్తి. హాజరైనవారు: నేను, నా భార్య, కరెంటు సామాన్ల దుకాణాదారు. కుక్క ఇంట్లోనే ఉంది.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. నా భార్య ఇంట్లో జాకెట్లు కుట్టేది. మా తెల్లకుక్క ఏళ్ల తరబడి ఆమె కుట్టుమిషను కింద, గుడ్డపీలికల మీదే పడుకునేది. ఎండలు మొదలైతే బొచ్చు రాల్చేది. చీపురు ఆడిస్తే ఆ బొచ్చు లేచి మళ్లీ గుడ్డల మీదే వాలేది. ఆ వారం ఒకావిడ తన నల్ల జాకెట్టు వెనక్కి తెచ్చింది. కుట్టు బాగానే ఉందట, వెంట్రుకలే బాగాలేవట.

"ఆదివారం దాక చూస్త. గీ బొచ్చు పోకపోతే దాన్ని గోపాల్‌పేటల మీ చెల్లె చేనుకాడికి పంపు" అంది నా భార్య.

అది ముసలి కుక్క. ఒక కన్ను సరిగా కనబడదు. చేను దగ్గర పందులను తరమడం మాట అటుంచి, పందులే దాన్ని తరిమేవి. అందుకే చేత్తో పట్టుకునే చిన్న వాక్యూమ్ క్లీనర్ కొందామన్నాను. నేను సర్వేయరుగా రిటైరైనవాణ్ణి, కొలవకుండా ఏదీ కొనను. బరువు, వైరు పొడవు, దుమ్ము డబ్బా ఊడదీసే సులువు, వెంట్రుకలు లాగే శక్తి అని నాలుగు పరీక్షలు రాసుకుని వెళ్లాను. గంటల తరబడి ఛార్జింగు పెట్టాల్సినదాన్ని ముందే పక్కన పెట్టేశాను. మా వీధి కరెంటు రాకపోకలు నా డైరీలోనే ఉన్నాయి.

దుకాణాదారు బల్ల మీద పిండి చల్లి మూడు మిషన్లతోనూ పీల్చి చూపించాడు. నేను జేబులోంచి కుక్క వెంట్రుకల పొట్లం తీసి, నల్ల మఖ్మల్ ముక్క మీద చల్లాను. మూడూ లాగేశాయి. గెలిచానన్న సంతోషంలో ఉండగా, నా భార్య మరికొన్ని వెంట్రుకలు తీసుకుని ఆ గుడ్డకు బొటనవేలితో గట్టిగా రుద్దింది. ఇంట్లో కుక్క పడుకుంటే అవి అట్లాగే అతుక్కుంటాయి మరి. ఈసారి రెండు మిషన్లు ఓడిపోయాయి. మూతి దగ్గర తిరిగే బ్రష్షు ఉన్న మూడోది మాత్రం గుడ్డను శుభ్రం చేసింది.

"గింత పరీక్ష ఎందుకు సారూ, కుక్కనే తోల్కొస్తే అయిపోతుండె" అన్నాడు దుకాణాదారు. అనవసరపు మాట అనిపించి, డైరీలో రాసుకోలేదు.

దాన్నే కొని తెచ్చి, సాయంత్రం స్విచ్ వేశాను. మిషను హోరుకు కుక్క ఎగిరిపడి, స్నానాలగదిలో నీళ్ల డ్రమ్ము వెనక్కి దూరింది. పీలికలు తళతళలాడుతున్నాయి కానీ కుక్క రొట్టె ముట్టలేదు.

"పాలమూరు భూములన్ని కొలిచినవు గని, దాని చెవులు కొలువకపోతివి" అంది నా భార్య.

మర్నాడు ఆదివారం, ఆమె పెట్టిన గడువు. లేచి చూస్తే డ్రమ్ము వెనక కుక్క లేదు. గోపాల్‌పేట బస్సు వేళలు తలుచుకుంటూ ముందుగదిలోకి పరుగెత్తాను. నా భార్య కుట్టుమిషను పక్కన నేల మీద కూర్చుని, ఒళ్లో కుక్క తల పెట్టుకుని రొట్టె తినిపిస్తోంది. ఆమె నల్లంచు చీర నిండా తెల్ల వెంట్రుకలు.

"రోజు పొద్దుగాల దీన్ని నువ్వు తిప్పుకరా. మీరు వచ్చేలోపట గా మిషనుతోని నేను ఊడుస్త" అంది తల ఎత్తకుండానే.

గొలుసు పట్టుకుని బయలుదేరాం. వీధి మలుపు దాకా వెనక నుంచి హోరు వినిపిస్తూనే ఉంది. కుక్క నాకంటే వేగంగా నడిచింది.