రాజవ్వ పెద్దమ్మ చేసిన వైన్

మొన్న కొంతం చౌక్ దగ్గర ఒక బండి కింద చితికిన ద్రాక్షపళ్లు ఎండకు పులిసి గుప్పుమన్నాయి. చేతిలో సంచీతో అక్కడే నిలబడిపోయాను. ఆ వాసనకు నాకు ఇప్పటికీ ఒళ్లు చల్లబడుతుంది.

మరాఠీ ఊళ్లో తెలుగువాళ్ల వాడ మా నీలం నగర్. అక్కడ రాజవ్వ పెద్దమ్మది మా పక్కిల్లు. పొద్దంతా బీడీలు చుట్టేది. నేను చేట ముందు కూర్చోబోతే తరిమేది. "ఆకు కత్తిరించే చేతులు మస్తుగున్నయ్. నువ్వు సదువుకో బిడ్డా" అనేది. ద్రాక్షల కాలంలో మాత్రం, కూలికి వెళ్లిన తోటలో నేర్చుకున్న పద్ధతిలో, పళ్లు చిదిమి చక్కెర కలిపి జాడీలో మాగబెట్టి వైన్ చేసేది. ఇంటికి వచ్చినవాళ్లకు చిన్న గ్లాసుల్లో పోసేది.

దాన్ని పొదుపు సంఘం మేళాలో అమ్ముదామన్నది నేనే. అప్పటికి నాకు టీచరు ఉద్యోగం ఇంటర్వ్యూకు పిలుపు వచ్చి ఉంది. సీసాల మీద చీటీలు కూడా నేనే రాశాను.

"దీనికి కాయితాలేమన్న గావాల్నా?" అని అడిగింది.

"పచ్చళ్లమ్మితే ఎవలన్న అడుగుతున్నరా పెద్దమ్మా?" అని నవ్వేశాను.

రెండో రోజే ఎక్సైజ్ వాళ్లు వచ్చారు. వైన్ తయారీకి ఒక లైసెన్స్, అమ్మకానికి మరొకటి ఉండాలనీ, అవి లేకపోతే నేరమనీ ఆఫీసరు చెప్పాడు. అతను సీసా పైకెత్తి, ఈ రాత ఎవరిదని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే పెద్దమ్మ మరాఠీలో గడగడా చెప్పేసింది. చేసింది తనే, అమ్మింది తనే, చీటీలు బజారులో ఎవరితోనో రాయించిందట. తర్వాత నావైపు తిరిగి, కొనడానికి వచ్చినవాళ్లను పంపించినట్టు, "జా బాయీ, జా" అంది.

నేను పుట్టిననాటి నుంచి ఆమె నాతో మరాఠీలో ఒక్క మాట మాట్లాడలేదు. అంతకన్నా ఘోరం, నా కాళ్లు నిజంగానే కదిలాయి. వెనక జీపు తలుపు పడిన చప్పుడు విన్నాను. తిరిగి చూడలేదు.

కోర్టులో తప్పు ఒప్పుకుని, జరిమానా కట్టి ఇంటికొచ్చింది. వెళ్లి ఏడ్చాను.

"నీ మీద కేసయితే నౌకరి పాయె గద" అంది. మళ్లీ తనే, "గని సదువురాని నేను కాయితాల సంగతి అడిగిన. సదువుకున్నదానివి, నువ్వు అడగకపోతివి" అంది. కోపం లేకుండా అన్న ఆ మాట చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది.

నాకు ఉద్యోగం వచ్చింది. క్లాసులో పిల్లలు నాకు తెలియనిది అడిగితే నవ్వి దాటెయ్యను. తెలుసుకుని చెబుతానంటాను. అంతవరకు ఆమె నేర్పింది వంటబట్టింది. పెద్దమ్మ పోయాక కూడా, తల్లిని దొంగసారా ముసల్ది అన్నవాళ్లతో ఆమె కొడుకు కొట్లాడుతూనే ఉన్నాడు. కనబడితే "అక్కా, బాగున్నవా?" అని పలకరిస్తాడు. ఆ చీటీల మీది రాత నాదని అతనికి ఇంతవరకు చెప్పలేదు.